అమ్మ చెప్పే వెళ్ళాలి: అంగన్‌వాడీలో కొత్త బిడ్డను అలవాటు చేయడం ఎలా?

అంగన్‌వాడీలో బిడ్డను చేర్చడం ఒక్క పూటలో అయిపోయే పని అని చాలామంది అనుకుంటారు. తల్లి చంకనెత్తుకుని వస్తుంది, టీచరు చేతులు చాపి అందుకుంటుంది, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, “మీరు వెళ్ళిపోండమ్మా, కాసేపు ఏడ్చి అదే ఊరుకుంటుంది” అని పక్కనున్నవారు ఎవరో ఒకరు అంటారు, తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోతుంది. బిడ్డ నిజంగానే కాసేపటికి ఊరుకుంటుంది. గొంతు ఎండిపోయి ఊరుకున్న బిడ్డకూ, అలవాటు పడి ఊరుకున్న బిడ్డకూ ఉన్న తేడా తెలియకనే మన కేంద్రాల్లో ఏటేటా ఈ పనిని చెడగొడుతున్నాం. ఇరవై రెండేళ్ళుగా అంగన్‌వాడీ టీచరుగా ఉన్నాను, ఈ పనిని నేనూ చెడగొట్టాను, బాగుచేయడమూ నేర్చుకున్నాను. మూడేళ్ళ బిడ్డను ఏడుపు తగ్గించి, నమ్మకం నిలిపి కేంద్రానికి అలవాటు చేసే క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగస్తుల పిల్లలుండే క్రెష్‌లకూ, పట్నాల్లోని ప్లేస్కూళ్ళకూ ఇదే క్రమం సరిపోతుంది.

కావలసిన వస్తువులు

పెద్దగా ఏమీ అక్కరలేదు. తల్లి కట్టి విడిచిన నూలు చీర నుంచి చించిన మూరెడు ముక్క, ఇంట్లో బిడ్డ నీళ్ళు తాగే గ్లాసు, మార్చడానికి రెండు జతల బట్టలు తల్లి తేవాలి. కేంద్రంలో ఒక తట్టెడు ఇసుక, నాలుగు కొబ్బరి చిప్పలు, మూతలున్న పాత గిన్నెలు ఉంటే చాలు. చింతపిక్కలు, పూసలు, గురిగింజలు ఈ వయసు పిల్లల చేతికి ఇవ్వకూడదు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు, గురిగింజైతే విషం కూడా. చీర ముక్కను ఉతకకూడదు. శుభ్రమని ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిన తల్లులను నేను వెనక్కి పంపి వేరే ముక్క తెప్పించాను, ఎందుకంటే బిడ్డకు కావలసింది ఆ బట్టలో ఉన్న అమ్మ వాసన. పలక, బలపం ఇప్పుడే వద్దు.

వస్తువులకంటే ముఖ్యమైనవి నాలుగు సంగతులు, వాటిని తల్లిని అడిగి కాగితం మీద రాసుకోవాలి. బిడ్డను ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలుస్తారు, ఉచ్చ వస్తే ఏ మాటతో చెబుతుంది, నిద్రకు ముందు ఏం చేస్తుంది, దేనికి జడుసుకుంటుంది. ఒక్కో ఇంట ఒక్కో మాట వాడతారు. బిడ్డ చెప్పిన మాట మనకు అర్థం కాక బట్టలు తడుపుకుంటే, ఆ సిగ్గుతో మరునాడు గడప తొక్కదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఇది ఇంకా అవసరం. ఊరి నుంచి వెళ్ళిన అమ్మమ్మ ఆరు నెలల గడువు తీరి తిరిగి వచ్చేసిన మర్నాడే బిడ్డను డేకేర్‌లో వేస్తారు, అక్కడివారికి “ఆకలి”, “నీళ్ళు”, “ఎత్తుకో” అన్న మాటలు కూడా తెలియవు. ఇలాంటి పది మాటలను పలకవలసిన తీరుతో సహా అక్కడి టీచరుకు రాసివ్వాలి.

చేరకముందు నెల

ఏడు నెలల నుంచి మూడేళ్ళ వరకు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పిండి ఇంటికి ఇస్తాం కాబట్టి, తల్లులు నెలకొకసారి ఎలాగూ కేంద్రానికి వస్తారు. రెండున్నర కిలోల ప్యాకెట్టును గడప దగ్గరే చేతిలో పెట్టి పంపించడం మనందరికీ ఉన్న దురలవాటు. చేరబోయే బిడ్డ ఉన్న తల్లిని ఆ రోజు బిడ్డతో రమ్మని, వసారాలో పది నిమిషాలు కూర్చోబెట్టి, ఆయాతో నాలుగు మాటలు మాట్లాడించి పంపితే సగం పని అప్పుడే అవుతుంది.

చేర్చే రోజు విషయంలో నాకు ఒక నియమం ఉంది. గురువారం మొదలుపెట్టాలి. గురు, శుక్ర, శనివారాలు తల్లి బిడ్డతోనే కూర్చుంటుంది, ఆదివారం ఇంట్లో గడుస్తుంది, ఒకరోజు సెలవుతో బిడ్డ సగం మరచిపోతుంది కాబట్టి సోమవారం కూడా తల్లి కూర్చుంటుంది, మంగళవారం మొదటిసారి కొద్దిసేపు బయటకు వెళుతుంది. జర్మనీలో బెర్లిన్ పద్ధతి పేరుతో 1980ల నుంచి వాడుకలో ఉన్న క్రమం కూడా దాదాపు ఇదే. మూడు రోజులు తల్లి కదలదు, నాలుగో రోజు మొదటి ప్రయత్నం, ఆ నాలుగో రోజు సోమవారమైతే మరునాటికి వాయిదా. మంగళవారం అనగానే మా ఊళ్ళో అత్తగార్లు ఒప్పుకోరు, “మంగళవారం పూట పిల్లను వదిలేసి వస్తావా?” అని కోడలిని కోప్పడతారు. ముహూర్తం పట్టింపు ఉన్నవారితో నేను వాదించను. మంచిరోజున బిడ్డను తెచ్చి, బొట్టు పెట్టించి, పది నిమిషాలు కూర్చుని వెళ్ళమంటాను. చేరిక ఆ రోజునే అయిపోయిందని వారు అనుకుంటారు, నా క్రమం నాకు ఉంటుంది.

టీకాల రోజు ఉన్న వారాన్ని తప్పించాలి. మన కేంద్రాల్లోనే ఏఎన్‌ఎమ్ నర్సమ్మ వచ్చి టీకాలు వేస్తుంది కాబట్టి, ఆ రోజు వచ్చిన కొత్త బిడ్డ చంటిపిల్లల కేకలు విని, ఈ ఇంటికి వస్తే సూది వేస్తారని ముద్ర వేసుకుంటుంది. మిర్చి పండే ఊళ్ళలో కోతల కాలాన్ని కూడా తప్పించడం మంచిది. కూలి పోగొట్టుకుని నాలుగు రోజులు కేంద్రంలో కూర్చోమని ఏ తల్లినీ అడగలేం. తప్పనిసరైతే ఆ నాలుగు రోజులు నాయనమ్మ కూర్చోవచ్చు, తండ్రీ కూర్చోవచ్చు. అయితే కూర్చున్నవారే మంగళవారం విడిచి వెళ్ళేవారు కూడా కావాలి, మనిషి మారకూడదు.

తల్లి కూర్చునే నాలుగు రోజులు

మొదటి రోజు బిడ్డను గదిలోకి తీసుకువెళ్ళకూడదు. మహారాష్ట్రలోని బోర్డీలో 1945లో పల్లె పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టిన తారాబాయి మోదక్, పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాలని అంగన్‌వాడీ అన్న ఆలోచన చేశారు. అంగన్ అంటే ముంగిలి. ప్రభుత్వం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ప్రారంభించినప్పుడు ఆ పేరే నిలిచింది. పేరులో ముంగిలి ఉన్నా, మనం మాత్రం కొత్త బిడ్డను నేరుగా గదిలోకి లాక్కుపోయి గడియ వేస్తున్నాం. చెట్టు నీడ ఉంటే చెట్టు కింద, లేకపోతే వసారాలో చాప వేసి, వీధి గేటు మాత్రం మూసి, మొదటి రెండు రోజులు అక్కడే గడపాలి.

తల్లి ఒకేచోట కూర్చోవాలి. గుంజకు కట్టిన తాడు ఎంత పొడవుంటే దూడ అంత మేర మేసి వస్తుంది, ఇక్కడ గుంజ తల్లి. తాడు పొడవు బిడ్డే పెంచుకుంటుంది. తల్లి లేచి బిడ్డ వెంట తిరిగితే బిడ్డ ఎక్కడికి తిరిగి రావాలో తెలియదు, “పో, ఆడుకో పో” అని వెనక నుంచి తోస్తే ఒడిలోంచి అసలు దిగదు. ఫోను చూసుకుంటూ కూర్చున్న తల్లి కూడా లేనట్టే లెక్క, ఎందుకంటే బిడ్డ నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసినప్పుడు ఎదురు చూసే కళ్ళు ఉండాలి.

ఈ సమయంలో టీచరు చేయవలసింది దాదాపు ఏమీ లేదు, అందుకే ఎవరూ చేయరు. బుగ్గ గిల్లకూడదు, పేరు చెప్పమని అడగకూడదు, పాట పాడమనకూడదు, చేతులు చాపి “రా, రా” అనకూడదు. మా ఆయా బిడ్డకు రెండు బారల దూరంలో కూర్చుని, బిడ్డవైపు చూడకుండా, కొబ్బరి చిప్పలో ఇసుక నింపి బోర్లించి, అచ్చు తీసి, మళ్ళీ నింపుతుంది. పది నిమిషాలకు బిడ్డ తల్లి ఒడిలోంచి ఒక కాలు కిందికి జారుస్తుంది. ఇంకొంతసేపటికి చీర కుచ్చెళ్ళు పట్టుకునే నిలబడుతుంది. మరునాటికి కుచ్చెళ్ళు వదిలి వచ్చి, ఆయా బోర్లించిన ఇసుక ముద్దను వేలితో పొడిచి కూలగొట్టి, తల్లివైపు చూసి నవ్వుతుంది. ఆయా మాట్లాడకుండా ఇంకో ముద్ద చేసి పెడుతుంది. పరిచయం అంటే అదే.

బిడ్డ ఎవరి దగ్గరికి ముందుగా వెళితే ఆ మనిషే బిడ్డకు కేంద్రంలో దిక్కు. టీచరు కావాలా, ఆయా కావాలా అన్నది మనం నిర్ణయించేది కాదు. ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు, ఫోటో, రేషను లెక్కల మధ్య పదిసార్లు లేచి వెళ్ళే నాకంటే మా ఆయాయే చాలామంది పిల్లలకు దగ్గరవుతుంది, అందుకు నేనేమీ నొచ్చుకోను. మొదటి రెండు వారాలు ఆ ఒక్కరే బిడ్డకు అన్నం పెట్టాలి, ఉచ్చకు తీసుకెళ్ళాలి, పడితే ఎత్తాలి. ఆ రెండు వారాల్లో ఆ మనిషికి సెలవు ఇవ్వకూడదు, తప్పనిసరైతే కొత్త చేరికనే వాయిదా వేయాలి.

విడిచి వెళ్ళడం: తొందర పనికిరాని మెట్టు

ఇంతవరకు చెప్పినదాంట్లో ఒకటీ అరా తప్పినా ప్రమాదం లేదు. ఈ మెట్టు తప్పితే మాత్రం నాలుగు రోజుల పనీ నీళ్ళపాలవుతుంది, ఒక్కోసారి నెలల తరబడి బాగుపడదు. అందువల్ల దీన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను.

తల్లి బిడ్డ చూస్తుండగా, బిడ్డకు చెప్పి, గుమ్మం గుండా వెళ్ళాలి. బిడ్డ ఆటలో ఉన్నప్పుడు పెరటి దారిన జారుకోకూడదు. అందరూ చేసేది జారుకోవడమే, ఏడుపు కనబడదు కాబట్టి అదే సుఖమని తల్లీ అనుకుంటుంది, టీచరూ అనుకుంటుంది. పనిలో చేరిన రెండో ఏట నేనూ అలాగే అనుకుని, ఇసుకలో ఆడుకుంటున్న ఒక పాపను చూపించి, “ఇప్పుడు లేచి వెళ్ళిపో అమ్మాయ్, చూడటం లేదు” అని తల్లికి సైగ చేశాను. పాప చిప్ప నింపి అమ్మకు చూపిద్దామని తలెత్తింది. అమ్మ లేదు. ఏడవలేదు. చిప్ప చేతిలోనే పట్టుకుని వసారా అంతా తిరిగి, తలుపు వెనక చూసి, చివరకు గుమ్మం దగ్గర చెప్పుల వరుసలో అమ్మ చెప్పులు లేవని గమనించి, అక్కడ కూలబడింది. ఆ తర్వాత నెలన్నర ఆ పాప ఇసుక ముట్టుకోలేదు. ఇంట్లో తల్లి స్నానానికి వెళ్ళినా తలుపు బాదుతోందని, రాత్రి నిద్రలో కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకుంటోందని తెలిసింది. ఆటలో మునిగితే అమ్మ మాయమవుతుందని ఆ పాపకు పాఠం చెప్పింది నేనే. ఆడుకోవడానికి భయపడే పిల్లకు అంగన్‌వాడీలో నేర్పడానికి ఏమీ మిగలదు.

బిడ్డ ఏడుస్తుందని జారుకునేవారు మరచిపోయే సంగతి ఒకటుంది. కళ్ళముందు లేని మనిషి ఎక్కడో ఉంది, తిరిగి వస్తుంది అన్న నమ్మకం బిడ్డకు పుట్టుకతో రాదు. ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు మొదలయ్యే ఎడబాటు భయం ఏడాదిన్నర వరకు బలంగా ఉండి, మూడేళ్ళు నిండే సమయానికి మెల్లగా సడలుతుంది. మనం చేర్చుకునేది సరిగ్గా ఆ సడలుతున్న దశలోనే. మన ఇళ్ళలో చంటిపిల్లలతో కొంగు అడ్డం పెట్టుకుని ఆడే దోబూచులాట ఈ భయానికి విరుగుడే. ముఖం దాగుతుంది, మళ్ళీ కనబడుతుంది, ప్రతిసారీ కనబడుతుంది. కేంద్రంలో తల్లి విడిచి వెళ్ళడం కూడా కాస్త పొడవైన దోబూచులాట కావాలి, అందులో దాగే మనిషి దాగుతున్నట్టు బిడ్డకు తెలియాలి.

ఏ మాటతో చెప్పాలన్నది మన భాషే మనకు నేర్పింది. ఇంట్లోంచి కదిలే మనిషి “వెళ్తాను” అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, “వెళ్ళొస్తాను” అనమంటారు. వెళ్ళడంతోపాటు రావడం కూడా అదే మాటలో ఉంది కాబట్టి, తల్లి ప్రతిరోజూ అదే మాట అనాలి. “వెళ్ళొస్తాను తల్లీ. నువ్వు గుడ్డు తిని చేతులు కడుక్కునేసరికి వస్తాను” అని చెప్పి, ముద్దు పెట్టి, చీర ముక్క చేతిలో పెట్టి, బిడ్డ వేలు ఆయా చేతికి అందించి, వెనుదిరిగి నడవాలి. ఇదంతా ఒక్క నిమిషంలో జరగాలి. “ఐదు నిమిషాల్లో వస్తాను”, “పన్నెండింటికి వస్తాను” అన్న మాటలు మూడేళ్ళ బిడ్డకు ఉత్త శబ్దాలు. గుడ్డు తినడం, చేతులు కడుక్కోవడం బిడ్డకు తెలిసిన పనులు. వాటికి ముడిపెట్టి చెప్పిన సమయాన్ని బిడ్డ తానే లెక్కపెట్టుకోగలదు.

“చాక్లెట్ తెస్తాను” అనకూడదు. అమ్మ వెళ్ళడం ఒక బేరంగా మారి, మరునాడు బిడ్డ బేరం పెంచుతుంది. “ఇక్కడే ఉంటాను” అని చెప్పి వెళ్ళడం అన్నిటికంటే పెద్ద నేరం. “ఏడిస్తే ఆయా సూది వేస్తుంది”, “బూచాడు వస్తాడు” అన్న తల్లిని నేను అక్కడే ఆపి, ఆ మాటను బిడ్డ ముందే వెనక్కి తీసుకోమంటాను. బిడ్డను ఎవరికి అప్పగిస్తున్నామో ఆ మనిషి పేరుతోనే బెదిరించి వెళితే, ఆ మనిషి ఇక ఎలా ఊరడిస్తుంది? రెండు అడుగులు వేసి, ఏడుపు విని, వెనక్కి వచ్చి ఎత్తుకుని, మళ్ళీ దించి, మళ్ళీ వెళ్ళడం కూడా పనికిరాదు. ఒక్క పూటలో అలా మూడుసార్లు విడిపోతే బిడ్డకు మూడు ఎడబాట్లు జరిగినట్టే.

ఇక కిటికీ సంగతి. గడప దాటిన తల్లి ఇంటికి వెళ్ళదు, కిటికీ పక్కన నక్కి చూస్తుంది. ఏడుపు ఆగి బిడ్డ ఆయా భుజం మీద తల పెట్టిన క్షణానికి, కిటికీ చువ్వల మధ్య చీర అంచో, గాజుల చేయో బిడ్డ కంటపడుతుంది. అప్పుడు మొదలయ్యే ఏడుపు మొదటిదానికి రెట్టింపు. తల్లి కేంద్రానికి నాలుగిళ్ళ అవతల, కనబడని చోట, ఫోను చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. పట్నాల్లో కొన్ని ప్లేస్కూళ్ళు కెమెరా దృశ్యాలను తల్లిదండ్రుల ఫోనుకే పంపుతున్నాయి, అది జేబులో పెట్టుకు తిరిగే కిటికీ. ఏడుస్తున్న బిడ్డను ఫోనులో చూస్తూ ఆఫీసులో కూర్చున్న తల్లి ఆ దిగులునే సాయంత్రం ముఖంలో మోసుకొస్తుంది. భద్రత కోసం కెమెరా ఉండనీయండి, మొదటి వారం మాత్రం చూడకండి.

ఏడుపును ఏం చేయాలి?

ఏడుపు రావాలి. అమ్మ వెళుతుంటే మూడేళ్ళ బిడ్డ ఏడవడంలో తప్పేమీ లేదు, దాన్ని వెంటనే నొక్కేయాలని చూడటమే తప్పు. ఆయా నేల మీద కూర్చుని, బిడ్డ ఒప్పుకుంటే ఒళ్ళో పెట్టుకుని, ఒప్పుకోకపోతే పక్కన ఉండి, “అమ్మ కావాలి కదా. అమ్మ వెళ్ళొస్తానంది. గుడ్డు తిని చేతులు కడుక్కున్నాక వస్తుంది” అని మెల్లగా, అవే మాటలు, పదిసార్లైనా చెప్పాలి. బిస్కెట్ నోట్లో కుక్కడం, ఫోనులో బొమ్మలు పెట్టి చేతికివ్వడం, మిగతా పిల్లలను పిలిచి “సిగ్గు సిగ్గు” అనిపించడం చేయకూడదు. గదిలో పెట్టి తలుపు వేయడం గురించి చెప్పనే అక్కరలేదు, అయినా ఇప్పటికీ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఊరడించినా పది నిమిషాలకు ఏడుపు కొంచెం కూడా తగ్గకపోతే, లేదా బిడ్డ వాంతి చేసుకునేంతగా గుక్కపడితే, తల్లికి ఫోను చేసి పిలవాలి. ఇందులో ఓటమి లేదు. మరో రెండు రోజులు తల్లి కూర్చుంటుంది, తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తాం. అసలు ఏడవని బిడ్డను చూసి మురిసిపోవడం కూడా తొందరపాటు. చెమర్చని కళ్ళతో ఒక మూల కూర్చుని, ఏదీ తినక, ఎవరినీ చూడక ఉన్న బిడ్డ గురించి నాకు ఏడ్చే బిడ్డకంటే ఎక్కువ దిగులు. ఆ బిడ్డ దగ్గర ఆయా ఆ పూటంతా కూర్చోవాలి.

అమ్మ తిరిగి రావడం

మొదటి రోజు ఇరవై నిమిషాలు చాలు, అరగంట దాటకూడదు. అందువల్ల గుడ్డు ఉడికి, వలిచి సిద్ధంగా ఉన్న తర్వాతే తల్లిని పంపాలి. బిడ్డ చేతులు కడుక్కునే సమయానికి తల్లి గుమ్మంలో కనబడాలి. ఒక్క నిమిషం ముందు వచ్చినా ఫరవాలేదు, ఆలస్యం మాత్రం కాకూడదు, చెప్పిన మాట నిలిచిందా లేదా అని బిడ్డ చూసేది ఇక్కడే. గుడ్డు తిననని మొండికేసిన బిడ్డకు కనీసం చేతులైనా కడిగించాలి, లేకపోతే అమ్మ రాకకు గుర్తే లేకుండా పోతుంది.

తిరిగి వచ్చిన తల్లిని చూసి కొందరు పిల్లలు పరుగెత్తుకొస్తారు, కొందరు అప్పటివరకు బాగానే ఉండి తల్లిని చూడగానే భోరుమంటారు, కొందరు ముఖం తిప్పుకుని ఇసుకలో ఆడుతూనే ఉంటారు. భోరుమన్న బిడ్డను చూసి “అయ్యో, ఎంత ఏడిపించారో” అని తల్లి మనల్ని అనుమానించకుండా ముందే చెప్పి ఉంచాలి. 1960లలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లలను పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్, తల్లి వెళ్ళినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నదానికంటే, వచ్చినప్పుడు ఎలా ఉందన్నదే ఇద్దరి మధ్య బంధం గురించి ఎక్కువ చెబుతుందని గుర్తించారు. తల్లి కూర్చుని, ఎత్తుకుని, “వెళ్ళొస్తానన్నాను, వచ్చాను” అనాలి. “ఏడ్చావా? మంచిపిల్ల ఏడవదు కదా” అని విచారణ చేయకూడదు. ఆ రోజుకు అదే ముగింపు, బిడ్డను ఇంటికి తీసుకువెళ్ళాలి.

సమయాన్ని పెంచడం

తర్వాతి మెట్లు సులువు. రెండు రోజులు గుడ్డు వరకు, తర్వాత మూడు రోజులు ఆటలు అయ్యేవరకు, ఆ పైన మధ్యాహ్న భోజనం వరకు పెంచుకుంటూ పోవచ్చు. ప్రతిసారీ వచ్చే సమయాన్ని బిడ్డకు తెలిసిన పనితోనే ముడిపెట్టాలి. నిద్ర మాత్రం ఆఖరిది. నిద్రలేచినప్పుడు అమ్మ పక్కన లేకపోవడం రెండో ఎడబాటు, అందుకే భోజనం వరకు హాయిగా ఉన్న బిడ్డ కూడా నిద్రలేచి హడలిపోతుంది. మొదటి రెండు మూడు సార్లు బిడ్డ కళ్ళు తెరిచేసరికి తల్లి చాప పక్కన కూర్చుని ఉండాలి. క్రెష్‌లలో పిల్లలను ఉంచే ఉద్యోగినులు ఈ మెట్టుకు చట్టాన్ని వాడుకోవచ్చు. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి ఉన్న నియమం ప్రకారం 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ వసతి కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి బిడ్డ నిద్రలేచే వేళకు పెట్టుకోవాలి.

పలక ఎప్పుడు?

బిడ్డ పడి మోకాలు గీసుకుపోయినప్పుడు ఏడుస్తూ ఆయా దగ్గరికి వెళ్ళిన రోజున అలవాటు పడినట్టు లెక్క. అడిగి నీళ్ళు తాగడం, తనంతట తాను ఉచ్చకు చెప్పడం, దొరికిన ఈకనో ఆకునో తెచ్చి చూపించడం కూడా గుర్తులే. అప్పటివరకు పలక ఇవ్వకూడదు. చేరిన రోజే చేయి పట్టుకుని “అ” దిద్దించే కాన్వెంట్లను చూసి, మా ఊరి తల్లులు “ఇక్కడ ఏమీ నేర్పరు” అని నన్ను నిలదీస్తారు. అమ్మ ఎక్కడుందో అన్న ఆలోచనలో ఉన్న బిడ్డ కళ్ళు గుమ్మం మీద ఉంటాయి, పలక మీద ఉండవు. దిద్దే చేయి టీచరుది, బలపం టీచరుది, అక్షరం కూడా టీచరుదే. 2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆధార్‌శిల పాఠ్యక్రమం కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఏడాదిలో 48 వారాలు ప్రణాళిక వేసి, అందులో 4 వారాలను కేంద్రానికి అలవాటు చేయడానికే కేటాయించింది. ఆ నాలుగు వారాలను వృథా అనుకుని అక్షరాలతో నింపే తోటి టీచర్లను చూశాను. ఆగస్టుకల్లా వారి కేంద్రంలో ఉదయపు ఏడుపులు అలాగే ఉంటాయి. మా కేంద్రంలో పిల్లలు ఇసుకలో వేలితో గీతలు గీస్తూ, “ఇది పాము, ఇది మా ఇంటి దారి” అని చెబుతుంటారు. రాత అక్కడి నుంచి తెచ్చుకోవడం నాకు ఎప్పుడూ సులువుగానే ఉంది.

సెలవుల తర్వాత

సంక్రాంతికి వారం రోజులు అమ్మమ్మ ఇంట్లో ఉండి వచ్చిన బిడ్డ మళ్ళీ మొదటికి వస్తుంది. జ్వరం తగ్గి వచ్చినా, ఇంట్లో తమ్ముడు పుట్టినా అంతే. “అన్నీ మరచిపోయింది” అని చిరాకు పడకుండా, ఒక రోజు తల్లిని పావుగంట కూర్చోబెట్టి, మరునాడు గుడ్డు వరకు, ఆ మరునాడు భోజనం వరకు ఉంచితే మూడు రోజుల్లో కుదురుకుంటుంది. అన్ని రోజుల్లోనూ “వెళ్ళొస్తాను” చెప్పే తీరాలి, పాత పిల్లే కదా అని మానకూడదు. చీర ముక్కను సంచిలో పెట్టి పంపమని తల్లికి చెప్పాలి. బిడ్డ అడిగితే తీసి ఇవ్వాలి, అడగకపోతే అలాగే ఇంటికి తిరిగి పంపాలి.